మరుభూమిలో జమ్మి

దసరానాడు తెలుగువారు పూజించు జమ్మిచెట్టు రాజస్థానపు మరుభూమిలో కృషీవలునకు జీవనాధారము. అచ్చట దానిని ఖేజ్డీ యందురు. మార్వాడు రైతులు పొలములందు ఈ చెట్లను నరుకక నిలిపి, వాని నీడనే సజ్జ పండించిరి. దీని వేరు మిక్కిలి లోతునకు దిగును. రాలిన ఆకు నేలకు ఎరువగును. కొమ్మలు కోసి యెండబెట్టిన ఆకు 'లూంగు' అను పేర మేకలకు, ఒంటెలకు మేత. లేతకాయ 'సాంగ్రీ' అను పేర మనుజులకు కూర. వానలు లేక పంట పోయిన యేట చెట్టు మందను నిలుపును. మంద కుటుంబమును నిలుపును.

ఈ బంధమునకు 1730లో కఠినపరీక్ష వచ్చినది. జోధపురాధీశుడగు అభయసింగుని భవననిర్మాణమునకు సున్నము కాల్చుటకై కట్టెలు కావలసి, రాజభటులు ఖేజడ్లీ గ్రామమున గొడ్డళ్లెత్తిరి. అమృతాదేవి యను బిష్ణోయి వనిత చెట్టును కౌగిలించుకొని ప్రాణమిచ్చెను. ఆమె ముగ్గురు కుమార్తెలతో సహా 363 మంది బలియైరని బిష్ణోయిల సంప్రదాయము చెప్పుచున్నది. పిమ్మట రాజు వారి గ్రామములలో చెట్లు నరుకరాదని శాసించెనట.

దీనిని కేవల మతావేశముగా నెంచరాదు. చెట్టు పోయినచో మేత పోవును, మేత పోయినచో ఊరు పోవునని వారెరుగుదురు. జమ్మిని 1983లో రాజస్థానము, 2014లో తెలంగాణము రాష్ట్రవృక్షముగా స్వీకరించినవి. అయినను ఇటీవల బికనేరు ప్రాంతమున సౌరవిద్యుత్ క్షేత్రములకై ఖేజ్డీలు కూలినవి; ప్రజలు మరల ఆందోళనకు దిగిరి. గౌరవపదవి చెట్టును కాపాడజాలదు. దాని నీడన బ్రదుకువారి మాట చెల్లినపుడే అది నిలుచును.