జహీరాబాదు సీమలో వంశచరిత్రాన్వేషణము

జహీరాబాదు సీమలో తాత పేరు చెప్పలేనివారు అరుదు. ముత్తాత తండ్రి పేరు చెప్పగలవారును అరుదే. "పాత కాగితములన్నియు పట్వారీ యింట నుండెడివి" అనుటతో పలువురి వంశచరిత్ర ముగియుచుండును. ఆ కాగితములందైనను ఎవరి తాత కలడు, ఎవరి తాత లేడు అనునది విచారింపదగిన విషయము.

ఇంగ్లండు దేశమున 1538లో, ఎనిమిదవ హెన్రీ రాజు మంత్రియగు థామస్ క్రాంవెల్, ప్రతి పారిషునందును, అనగా ఒక్కొక్క చర్చికి లోబడిన ప్రాంతమునందును, జ్ఞానస్నానములు, పెండ్లిండ్లు, ఖననములు ఒక పుస్తకమున వ్రాసియుంచవలెనని ఉత్తరువు చేసెను. కావుననే అచ్చటి పల్లెలలో కూలివాని పేరును కాగితమున కెక్కినది. మన పల్లెలలో ముఖ్యముగా వ్రాయబడినది శిస్తు లెక్క. శిస్తు కట్టినవాడు నిలిచెను. అతని పొలము దున్నినవాడు మరుగుపడెను.

అయినను వెదకువాడు ఆ లెక్కలతోనే ఆరంభింపవలెను. మొదటి సాలార్జంగు దివానుగా నున్న కాలమున, 1865లో, జిలాబందీ జరిగి నిజాం రాజ్యమున జిల్లాలు, తాలూకాలు ఏర్పడెను. తరువాతి సర్వేల వలన పుట్టిన సేత్వారు, ఏటేట వ్రాసెడి పహాణీ ముఖ్యాధారములు. వీని భాష ఉర్దూ, సంవత్సరము ఫసలీ. ఫసలీకి 590 కలిపినచో క్రీస్తు సంవత్సరము వచ్చును. ఈ లెక్క నెరుగనివాడు 1364 అను అంకెను చూచి ఆరువందల యేండ్ల నాటి దస్తావేజు దొరకినదని పొంగిపోవచ్చును! అది 1954-55 నాటి ఖాస్రా పహాణీ. ప్రాచీనము కాకున్నను దాని విలువ తక్కువ కాదు. పట్టాదారు పేరు వేరుగా, భూమి నెవని స్వాధీనమున నున్నదో ఆతని పేరు వేరుగా వ్రాసిన ఆ పుస్తకమునందే పెక్కు సేద్యగాండ్ర పేర్లు తొలిసారి కానవచ్చును. 1950 నాటి హైదరాబాదు కౌలుదారీ చట్టము ననుసరించి తయారైన రక్షిత కౌలుదార్ల పట్టికయు ఇట్టిదే.

ఏ కచేరీలో వెదకవలెననునది మరియొక చిక్కు. జహీరాబాదు తాలూకా 1956 నవంబరు 1 వరకు బీదరు జిల్లాలోనిది. ఆ దినమున మెదకు జిల్లాలో చేరెను. 2016లో సంగారెడ్డి జిల్లా కిందికి వచ్చెను. జాగీరు గ్రామముల లెక్కలు 1949లో జాగీర్లు రద్దగువరకు జాగీర్దారుల కచేరీలలో నుండెను. 1984లో పటేలు పట్వారీల ఉద్యోగములు తీసివేయబడినపుడు తహసీలునకు చేరని దస్త్రములు అటకలపై చెదల పాలయినవి. అంతకు పూర్వపు ఫారసీ పత్రములు చూడగోరువారు హైదరాబాదు తార్నాకలోని రాష్ట్ర పురావస్తు పత్రాలయమునకు పోవలెను.

కాగితము దొరకినను పేరు దొరకునను నమ్మకము లేదు. ఉర్దూ వ్రాతలో హ్రస్వస్వరములు సాధారణముగా గుర్తింపబడవు. మొగులయ్యను ముగులయ్యగా, ఎల్లయ్యను ఇల్లయ్యగా చదువవచ్చును. తెలుగు నకలు వ్రాసినవాడు పొరబడినచో ఒక్క మనిషి ఇరువురగును. అపుడు ఆ ఇరువురు ఒక్కరేయని నిరూపించు భారము మనుమని మీద పడును. పొలమే పోవచ్చును. కావున నకలుతో తృప్తిపడక, మూలప్రతిని ఉర్దూ నెరిగిన వృద్ధునిచే చదివించుకొనుట మంచిది.

భూమియే లేనివారి మాట యేమి? వారి చరిత్రకు పుస్తకములు మనుష్యులే. కాపులకు పిచ్చికుంట్లవారు, గౌండ్లకు గౌడజెట్టీలు, పద్మశాలీలకు కూనపులివారు, మాదిగలకు డక్కలివారు కథకులు. వీరిలో పలువురు పటము విప్పి కులపురాణమును చెప్పుదురు. ఇంటి పేర్లను, గోత్రములను వల్లింతురు. అందులకు తరతరములుగా త్యాగము పొందుదురు. ఊళ్లను మిరాసీగా పంచుకొని తిరిగెడివారు గనుక ఏ యింటివారు ఎచ్చటినుండి వలసవచ్చిరో వారికి తెలియుటకు వీలుండెను. పోషకుని పొగడుట వారి వృత్తి. అందుచేత పురాణభాగమును చరిత్రగా గ్రహింపరాదు. కాని ఇంటిపేరు, విడిచివచ్చిన ఊరు, ఆ ఊరి దేవత పేరు మొదలగునవి పొగడ్తకు పనికివచ్చునవి కావు. అట్టివానిని నమ్మి వ్రాసికొని, ఆ ఊరికి పోయి విచారింపవచ్చును. విన్న తేదీని, చెప్పినవాని ఊరిని వెంటనే వ్రాసియుంచవలెను. ఈ కథకుల పిల్లలు నేడు ఇతర వృత్తులకు పోవుచున్నారు. వారిని తప్పుపట్టుటకు లేదు, త్యాగమిచ్చు ఇండ్లే తగ్గినవి. పటమున్న ఇంట కథ చెప్పగలవాడు ఒక్క ముసలివాడైనను మిగిలియున్నచో, తహసీలునకు పోవుటకంటె ముందు ఆతని యింటికి పోవలెను.