బంజరు అని రాసిన చోట అడవి

అనంతపురం సీమలో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన. అదీ అదునుకు కురవదు. అక్కడ జనం అడవి పెంచారంటే మేము సగమే నమ్మి, చెన్నేకొత్తపల్లి మండలం ముష్టికోవెల దగ్గరున్న కల్పవల్లికి వెళ్లాం. ఇప్పుడది శ్రీ సత్యసాయి జిల్లా.

కట్టెలకు నరికి, మేకలు మేసి, ఏటా నిప్పు పడి ఒకప్పుడు ఆ గుట్టలు బోడి గుట్టలు. 1990లో మొదలైన టింబక్టు కలెక్టివ్ తోడుతో చుట్టుపక్కల ఊళ్లు వాటిని కాపాడుకోవడానికి పూనుకున్నాయి. విత్తనాలు చల్లారు, మొక్కలు నాటారు. నాటడం కంటే కాపలాయే పెద్ద పని. గొడ్డలి ఆగి, ఎండాకాలం నిప్పు అదుపులోకి వచ్చాక, నేలలో చావకుండా దాగిన పాత వేళ్లు వాటంతట అవే చిగురించాయి. అలా వేల ఎకరాలు పచ్చబడ్డాయి. వాగుల వెంట ఈతచెట్లు లేచాయి. ఇళ్లు కప్పుకునే బోదగడ్డి తిరిగి పెరిగింది. వాననీరు గుట్టల మీద నిలిచి, మెల్లగా కింది చెరువులకు దిగసాగింది. ఈత ఆకుతో చీపుర్లు, బుట్టలు అల్లేవారికి పని దొరికింది, గొర్రెల కాపరికి మేత దొరికింది. తోడేళ్లూ తిరిగొచ్చాయి.

ఇంతా చేసి, రెవెన్యూ రికార్డులో ఆ నేల పేరు మారలేదు. అక్కడ అది ఇంకా బంజరే.

ఆ మాట విన్నప్పుడు తాండాల్లో పుట్టిన మాకు మా చరిత్ర గుర్తొచ్చింది. మన పెద్దలు ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం మోసిన లదేణీలవాళ్లు. 1791-92లో టిప్పు మీదికి వెళ్లిన కారన్‌వాలీస్ సైన్యానికి గింజలు చేర్చింది కూడా బంజారాలే. రైలు వచ్చి ఆ బతుకు తీసేసింది. తర్వాత నేరస్థ జాతుల చట్టం మనలో చాలామందికి పుట్టుకతోనే దొంగలని పేరు పెట్టింది. ఆ చట్టం 1952లో పోయింది, మచ్చ మాత్రం అంత తొందరగా పోలేదు. దొర కాగితం మీద రాసిన మాట మనిషినీ నేలనూ ఒకేలా నొక్కుతుంది.

బంజరంటే ఎవరికైనా ఇవ్వొచ్చు. కల్పవల్లి గుట్టల మీద గాలిమరలు అలాగే వచ్చాయి. వాటి కోసం గుట్టలు తొలిచి బాటలు వేశారు. కరెంటు వద్దని ఊళ్లవాళ్లు అనలేదు. పెంచినవాళ్లను అడగలేదన్నదే వాళ్ల బాధ. తగవు హరిత ట్రిబ్యునల్ దాకా పోయింది.

ఎవరి పేరున ఉన్నా సరే, నిఘంటువు ప్రకారం అడవి అయినది అడవేనని సుప్రీంకోర్టు 1996 డిసెంబరులోనే చెప్పింది. సామూహిక అడవిని కాపాడుకునే హక్కును 2006 చట్టం గుర్తించింది. కానీ కాగితంలో అడవి కాని చోట ఆ హక్కు అడగడమే కష్టం.

అందుకే మనవాళ్లకు చెప్పేది ఒకటే. మీ తాండా పక్క గుట్టను కాపాడండి. దానితోపాటు, రికార్డులో ఆ గుట్టను ఏమని రాశారో ఇవాళే వెళ్లి చూడండి. చెట్టు పెరగడానికి ముప్పై ఏళ్లు పట్టింది. దాన్ని పోగొట్టడానికి ఒక్క మాట చాలు.