పదిహేను రోజులకు సరిపడా డబ్బు

మా శాన్ రామన్‌లో నలుగురు తెలుగువాళ్ళు కలిస్తే కాఫీ అయ్యేలోపు లేఆఫుల మాట రాక తప్పదు. బిషప్ రాంచ్ ఆఫీసుల్లో పనిచేసే మాకు గడ్డుకాలపు మీటింగులు కొత్త కాదు. పెద్దలు గంటసేపు ధైర్యం చెబుతారు; గల్లాపెట్టెలో ఎంత ఉందో మాత్రం చెప్పరు. అలాంటి మీటింగు నుంచి ఇంటికొచ్చిన ప్రతిసారీ నాకు 1991 గుర్తొస్తుంది.

అప్పుడు నేను ఏడో తరగతి. జూన్ 21న మన పి.వి. నరసింహారావుగారు ప్రధానమంత్రి అయ్యారు. వీధంతా 'మనవాడు' అని సంబరం. ఆయన చేతికొచ్చింది ఖాళీ ఖజానా. గల్ఫ్ యుద్ధంతో చమురు ఖర్చు పెరిగింది, ప్రవాసులు (అవును, మనలాంటివాళ్ళే) డిపాజిట్లు వెనక్కి తీసుకున్నారు, కొత్తగా అప్పిచ్చే నాథుడు లేడు. చంద్రశేఖర్‌గారి ప్రభుత్వం ఉండగానే మే నెలలో 20 టన్నుల బంగారం స్విట్జర్లాండ్ బ్యాంకుకు వెళ్ళింది. జూలైలో మరో 47 టన్నుల దాకా ఇంగ్లండు, జపాను కేంద్ర బ్యాంకులకు తాకట్టు పెట్టారు. ఆ సంగతి ప్రజలకు తెలిసింది పత్రికల ద్వారా. నాన్న మండిపడితే అమ్మ, "నగలు కుదువపెట్టి వచ్చి పక్కింటివాళ్ళకి చెప్పుకుంటామా?" అంది.

పి.వి.గారు పదవిలోకి వచ్చిన మర్నాడే జాతినుద్దేశించి మాట్లాడి, పరిస్థితి సంక్షోభంలో ఉందని దాచకుండా చెప్పారు. జూలై 1న, 3న రూపాయి విలువ తగ్గించారు. జూలై 24న ఆర్థికమంత్రి మన్మోహన్ సింగ్‌గారు బడ్జెట్టు ప్రసంగంలో చెప్పిన లెక్క నాకు ఇప్పటికీ అపురూపంగా తోస్తుంది: విదేశీ మారకం నిల్వ సుమారు 2,500 కోట్ల రూపాయలు, అది పదిహేను రోజుల దిగుమతులకే సరిపోతుంది. దేశం నగ్నంగా ఎంత పేదదో పార్లమెంటులో నిలబడి ఒక్క అంకెలో చెప్పేశారు.

అంకె సూటిగానే చెప్పారు కానీ దారి గురించి అంత సూటిగా చెప్పలేదు. అదే రోజు వచ్చిన పారిశ్రామిక విధానం 18 పరిశ్రమలకు తప్ప మిగిలినవాటికి లైసెన్సు అక్కర్లేదంది. ఇంత మార్పునూ నెహ్రూగారి బాటకు కొనసాగింపుగానే చూపించారు. 1992 ఏప్రిల్‌లో తిరుపతి కాంగ్రెస్ మహాసభలోనూ పి.వి.గారిది అదే పాట. ఎడమవైపు సిగ్నల్ వేసి కుడికి తిప్పడమన్నమాట! ఇక్కడ 680 ఫ్రీవే మీద అలా చేస్తే టికెట్టిస్తారు. మైనారిటీ ప్రభుత్వంతో ఆయనకు వేరే గతి లేదని నా అభిప్రాయం.

మా నాన్న ఆ ప్రసంగంలో విన్నది ఎరువుల ధర ఒక్కటే. 40 శాతం పెంచుతామన్నారు. గొడవయ్యాక ఆగస్టులో 30కి దించి, చిన్న, సన్నకారు రైతులను మినహాయించారు. ఆ బడ్జెట్టుతో తెరుచుకున్న తలుపుల్లోంచే నేను ఇంజనీరింగు చదివి ఇంత దూరం వచ్చాను. నాన్నకది చెబితే, "యూరియా బస్తా మోసింది నేను కదరా" అనేవాడు.

2009 జూలైలో మా కాలిఫోర్నియా ఖజానా కూడా ఖాళీ అయింది. పన్ను రిఫండు రావలసినవాళ్ళకు చెక్కుల బదులు ప్రామిసరీ నోట్లు ఇచ్చారు. గవర్నరు ష్వార్జ్‌నెగ్గర్‌గారు పొదుపు గురించి పెద్ద కత్తి పట్టుకుని వీడియో తీశారు. నవ్వొచ్చింది. పదిహేను రోజుల లెక్క విని పెరిగినవాడికి కత్తి ఏమాత్రం?

తాకట్టు అప్పు ఎప్పుడో తీరింది. 2024లో రిజర్వు బ్యాంకు ఇంగ్లండులో దాచిన బంగారంలో సుమారు 100 టన్నులు ఇంటికి తెచ్చుకుంది. ఫోనులో అమ్మకు చెప్పాను.

"మొత్తం తెచ్చారా, ఇంకా అక్కడ ఉందా?" అనడిగింది.