ఊరి జట్టు, జిల్లా జట్టు: వేములవాడ ప్రాంతంలో కబడ్డీ పోటీల నిర్మాణం

క్రీడల చరిత్ర రాసేవారు సాధారణంగా ఆటగాళ్ళ ప్రతిభను, గెలిచిన కప్పులను నమోదు చేస్తారు. పోటీలు ఎన్ని అంచెల్లో జరిగాయి, జట్టు ఎవరి పేరు మీద బరిలోకి దిగింది, మొదటి ఆటలోనే ఓడినవారికి ఆ ఏడాది మళ్ళీ ఆడే అవకాశం ఉండేదా అన్న విషయాలు మాత్రం వారి దృష్టికి అరుదుగా వస్తాయి. ఉత్తర తెలంగాణలో, ముఖ్యంగా వేములవాడ, సిరిసిల్ల పరిసరాల్లో, కబడ్డీ ఎలా పెరిగిందో, ఎక్కడ ఆగిపోయిందో తెలియాలంటే ఈ విషయాలనే ముందుగా పరిశీలించాలి. ఇక్కడ పోటీల అంచెలు ఆట అవసరాల నుంచి పుట్టలేదు. తాలూకా, సమితి, మండలం, జిల్లా అంటూ పరిపాలన కోసం గీసిన హద్దులే పోటీలకూ హద్దులయ్యాయి, ఆ హద్దులు మారిన ప్రతిసారీ పోటీల రూపమూ మారింది.

తెలుగు పల్లెల్లో చెడుగుడుగా వ్యవహారంలో ఉన్న ఈ ఆటకు చాలాకాలం లిఖిత నియమాలు లేవు. మధ్యగీత దాటి ఒకే ఊపిరిలో కూత పెడుతూ ఎదుటి జట్టువారిని తాకి తిరిగి రావడం అన్నిచోట్లా ఒకటే అయినా, జట్టులో ఎందరుండాలి, ఔటైనవాడు తిరిగి ఆటలోకి రావచ్చా, బరి ఎంత పొడవుండాలి అన్నవి ఊరినిబట్టి మారేవి. ఔటైన ఆటగాడు ఎదుటివారిలో ఒకరు ఔటైనప్పుడు తిరిగి లేచే పద్ధతిని సంజీవని అనీ, ఔటైనవాడు తన జట్టంతా ఔటయ్యేదాకా బయటే ఉండే పద్ధతిని గామిని అనీ, ఎవరూ బరి విడవకుండా పాయింట్లు మాత్రమే లెక్కించే పద్ధతిని అమర్ అనీ తరువాతి కాలపు నియమకర్తలు వర్గీకరించారు. మహారాష్ట్రలోని వ్యాయామ సంస్థలు 20వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో నియమాలను కూర్చే పని మొదలుపెట్టగా, 1950లో అఖిల భారత కబడ్డీ సమాఖ్య ఏర్పడింది. 1952లో మద్రాసులో పురుషులకు, 1955లో కలకత్తాలో మహిళలకు తొలి జాతీయ పోటీలు జరిగాయి. సంజీవని పద్ధతిపై నిలిచిన నేటి ఆటలో జట్టుకు ఏడుగురు బరిలో ఉంటారు, పురుషుల బరి 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు ఉంటుంది, కూతకు వెళ్ళినవాడు 30 సెకన్లలో తిరిగి రావాలి.

నియమాలు దేశమంతటికీ ఒకటయ్యాయి కాని, ఆ నియమాలతో ఎవరు ఎవరితో ఆడాలన్న నిర్ణయం జిల్లా సంఘాల చేతికి వెళ్ళింది. జాతీయ సమాఖ్యలో రాష్ట్ర సంఘం సభ్యురాలు, రాష్ట్ర సంఘంలో జిల్లా సంఘం సభ్యురాలు. ఆ కింద ఊరి జట్టుకు స్థిరమైన సభ్యత్వం ఇచ్చే అంచె బలంగా ఏర్పడలేదు. ఈ లోటుకు మూలం పరిపాలనా చరిత్రలో ఉంది. నిజాం పాలనలో ఎలగందుల జిల్లాగా ఉన్న ప్రాంతం 1905లో కరీంనగర్ కేంద్రంగా కరీంనగర్ జిల్లా అయింది. వేములవాడ అందులోని సిరిసిల్ల తాలూకాలో ఉండేది. వేములవాడ చాళుక్యుల రాజధానిగా, పంప మహాకవిని ఆదరించిన అరికేసరి కొలువుగా, రాజరాజేశ్వర స్వామి క్షేత్రంగా ఈ పట్టణానికి వెయ్యేళ్ళకు మించిన కీర్తి ఉన్నా, ఆధునిక క్రీడా సంఘం లెక్కలో అది చాలాకాలం ఒక తాలూకాలోని ఒక ఊరు మాత్రమే. 1959లో పంచాయతీరాజ్ వ్యవస్థ వచ్చి జిల్లా పరిషత్తులు, పంచాయతీ సమితులు ఏర్పడినప్పుడు బడి ఆటల పోటీలు సమితుల వారీగా సాగాయి. 1985లో తాలూకాలను, సమితులను తీసివేసి రాష్ట్రమంతటా 1,100కు పైగా మండలాలు ఏర్పరచగా, అప్పటికి స్థిరపడిన తాలూకా స్థాయి స్పర్ధ చీలి, ఒక్కో మండలం ఒక్కో చిన్న బరి అయింది.

మండల వ్యవస్థ ఆటకు చేసిన మేలును తక్కువ చేయడం న్యాయం కాదు. బడిపిల్లలు తాలూకా కేంద్రం దాకా వెళ్ళవలసిన అవసరం తగ్గింది. జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలోని వ్యాయామ ఉపాధ్యాయుడు, అంటే ఊరివాళ్ళు పీఈటీ సార్ అని పిలిచే మనిషి, చుట్టుపక్కల బడుల జట్లను ఒకచోటికి చేర్చి జోనల్ పోటీలు నడపగలిగాడు. ఈ ప్రాంతంలో కబడ్డీ నిలవడానికి అసలు ఆధారం ఆ ఉపాధ్యాయ వర్గమే. సంఘాల చరిత్రలు వారికి ఇవ్వవలసిన స్థానాన్ని ఇంకా ఇవ్వలేదు. అయితే బడి పోటీల లక్ష్యం ఎంపిక. మండలం నుంచి కొందరిని, జిల్లా నుంచి కొందరిని ఏరి పైకి పంపడమే పని కాబట్టి, ఎంపికైన పిల్లవాడు కొత్త జట్టులో చేరుతాడు, మిగిలిన ఆరుగురు ఆ ఏటికి ఆట మానుకుంటారు.

బడి దాటిన యువకులకు మిగిలింది యువజన సంఘాల టోర్నమెంట్లు. 1972లో మొదలైన నెహ్రూ యువ కేంద్రాల ప్రోత్సాహంతో, ఊరి పెద్దల విరాళాలతో, పండుగల సమయంలోనో, చనిపోయిన ఆప్తుల స్మారకంగానో ఇవి జరుగుతాయి. ఎంట్రీ ఫీజు కట్టిన జట్లకు చీటీలు తీసి, నాకౌట్ పద్ధతిలో, అంటే ఓడిన జట్టు వెంటనే వైదొలిగే పద్ధతిలో, రెండు మూడు రోజుల్లో ముగిస్తారు. 32 జట్లు వస్తే మొత్తం 31 ఆటలు చాలు. తక్కువ రోజులు, తక్కువ ఖర్చు, ఫ్లడ్‌లైట్ల కింద చివరి రాత్రి నిండు జనం. నిర్వాహకుల దృష్టిలో ఇంతకన్నా అనుకూలమైన పద్ధతి లేదు. కాని ఆ 32లో 16 జట్లు ఒకే ఆట ఆడి, నలభై నిమిషాల్లో ఇంటిదారి పడతాయి. ఎనిమిదేసి జట్ల నాలుగు వర్గాలుగా విడదీసి, ప్రతి జట్టూ తన వర్గంలోని మిగతా ఏడింటితో ఆడేలా లీగ్ నడిపితే 112 ఆటలు అవసరమవుతాయి. శ్రమ మూడింతలకు మించుతుంది గాని, అన్నిటికన్నా బలహీనమైన జట్టుకూ ఏడు ఆటలు దక్కుతాయి. బలహీనమైన జట్టు బలపడే మార్గం అదొక్కటే.

ఈ సమస్య తెలంగాణకే పరిమితం కాదు. ఐర్లాండ్‌లో, చేతులతోనూ కాళ్ళతోనూ బంతిని నడిపిస్తూ జట్టుకు పదిహేను మంది ఆడే గేలిక్ ఫుట్‌బాల్, కబడ్డీలాగే నేలతల్లి ఆటగా గౌరవం పొందిన క్రీడ. 1884 నవంబరు 1న థర్లెస్ పట్టణంలో ఏర్పడిన గేలిక్ అథ్లెటిక్ సంఘం ఊరి చర్చి పరిధినే క్లబ్బుకు హద్దుగా తీసుకుంది. ఆ పైన కౌంటీ, అంటే జిల్లా వంటి విభాగం, జట్టు ఉంటుంది. ఆటగాళ్ళకు జీతం లేదు, పుట్టిన ఊరి క్లబ్బుకే ఆడాలన్న కట్టుబాటు బలమైనది. క్లబ్బులను సీనియర్, ఇంటర్మీడియట్, జూనియర్ శ్రేణులుగా విభజించి, గెలిచినవారిని పై శ్రేణికి, వరుసగా ఓడినవారిని కింది శ్రేణికి మార్చడం కౌంటీల్లో మామూలు. అక్కడా అఖిల ఐర్లాండ్ పోటీ ఒక శతాబ్దానికి పైగా నాకౌట్‌గానే సాగి, 2001లో మాత్రమే ఓడిన కౌంటీలకు మరో అవకాశం కల్పించింది. కౌంటీ ఆటల వల్ల క్లబ్బు ఆటలు నెలల తరబడి వాయిదా పడుతున్నాయన్న ఆవేదన పెరిగి, 2022 నుంచి సంవత్సరాన్ని రెండు భాగాలుగా చేసి, మొదటిది కౌంటీకి, రెండవది క్లబ్బుకు కేటాయించారు. పల్లెల నుంచి యువకులు వలసపోయి జట్టు కూడని ఊళ్ళు పొరుగు క్లబ్బుతో కలిసి ఆడుతున్నాయి.

తెలంగాణలోనూ పోటీల రూపాన్ని ఆలోచించి మార్చిన దాఖలా ఉంది, అయితే అది ఫుట్‌బాల్‌లో. 1939లో ఏర్పడిన హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి 1940ల్లో కార్యదర్శి అయిన సయ్యద్ అబ్దుల్ రహీం వృత్తిరీత్యా ఉపాధ్యాయుడు. ఎత్తు తక్కువ ఉన్న పిల్లలకు విడిగా, బలహీనమైన కాలితోనే తన్నాలన్న షరతుతో, బంతిని ఒంటరిగా నడిపించకుండా సహచరునికి అందించాలన్న నియమంతో ఆయన టోర్నమెంట్లు ఏర్పాటు చేశాడు. ఏ లోపాన్ని దిద్దాలో ముందు గుర్తించి, దానికి తగిన పోటీని నిర్మించడం ఆయన పద్ధతి. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలవడానికీ, ఆయన శిక్షణలో భారత జట్టు 1951, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణం సాధించడానికీ వెనుక నగరపు చిన్న మైదానాల్లోని ఈ ఏర్పాట్లు ఉన్నాయి. ఇటువంటి ఆలోచన నగరం దాటి జిల్లాల కబడ్డీ దాకా రాకపోవడం ఈ చరిత్రలో అన్నిటికన్నా బాధాకరమైన అంశం.

2016 అక్టోబరు 11న జరిగిన జిల్లాల పునర్విభజన ఈ నిర్మాణాన్ని మరోసారి కదిలించింది. 57 మండలాల పాత కరీంనగర్ జిల్లా విడిపోయి కరీంనగర్, జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల జిల్లాలయ్యాయి, కొన్ని మండలాలు ఇతర జిల్లాల్లో చేరాయి. వేములవాడ దేవుని పేరు కొత్త జిల్లాకు వచ్చింది, వేములవాడ మండలం నుంచి వేములవాడ గ్రామీణ మండలం వేరయింది, జిల్లాలో 13 మండలాలు మిగిలాయి. 57 మండలాల నుంచి జట్టును ఎంచడానికీ, 13 మండలాల నుంచి ఎంచడానికీ చాలా తేడా ఉంది: కొత్త జిల్లాలో అవకాశం ఎక్కువమందికి అందుతుంది, అయితే లోపలి స్పర్ధ పలుచబడుతుంది. అందుకే బడి ఆటల ఎంపికలు నేటికీ ఉమ్మడి జిల్లా పేరుతో, అంటే రద్దయిన పాత హద్దుల ప్రకారం, జరుగుతూనే ఉన్నాయి. పాలనకు పనికిరాని గీత ఆటకు పనికివస్తోందన్న సంగతిని కొత్త నిర్మాణం రూపొందించేవారు గమనించాలి.

అంచెలను కిందికి దించే ప్రయత్నాలు ప్రభుత్వం వైపు నుంచీ సాగాయి. 2008లో మొదలైన కేంద్ర పథకం పైకా గ్రామీణ పోటీలకు నిధులిచ్చి, 2014లో రాజీవ్ గాంధీ ఖేల్ అభియాన్‌గా మారి, తరువాత ఖేలో ఇండియాలో కలిసిపోయింది. 2022లో ఊరూరా తెలంగాణ క్రీడా ప్రాంగణాలకు స్థలాలు గుర్తించారు. 2023 మేలో మండల స్థాయి నుంచి మొదలైన సీఎం కప్పు, 2024 డిసెంబరులో గ్రామ పంచాయతీ స్థాయికి దిగింది. ఈ దిగుదల సరైన దిశలో పడిన అడుగు. అయినా పోటీల క్రమం మునుపటిదే: ఊళ్ళో గెలిచినవారు మండలానికి, అక్కడ గెలిచినవారు జిల్లాకు కొద్ది రోజుల వ్యవధిలో సాగిపోతారు, ఓడిన ఊరి జట్టు ఆ సాయంత్రమే చెదిరిపోతుంది, మరుసటి ఏడు దానికి కొనసాగింపు ఉండదు.

ఇక్కడి ఊరి జట్టుకు మరో రెండు ఒత్తిళ్ళున్నాయి. సిరిసిల్ల నేతపనివారు భీవండి, సూరత్‌లకు, మిగిలినవారు గల్ఫ్ దేశాలకు వెళ్ళే ప్రాంతం కాబట్టి, ఇరవై, ముప్ఫై ఏళ్ళ మధ్య వయసువారు ఊళ్ళో స్థిరంగా ఉండరు. మధ్య మానేరు జలాశయం కింద మునిగిన ఊళ్ళు పునరావాస కాలనీలకు తరలినప్పుడు ఇళ్ళతోపాటు ఆటస్థలాలూ పోయాయి. అటువంటి ఊళ్ళను విడిగా ఆడమనడం కన్నా, ఐర్లాండ్ పల్లెల్లాగా రెండు మూడు ఊళ్ళు కలిసి ఒక జట్టుగా నమోదు కావడానికి నియమాల్లో చోటివ్వడం మేలు. నాలుగు కొత్త జిల్లాల సంఘాలు పాత కరీంనగర్ హద్దును ఒకే లీగ్ ప్రాంతంగా ఒప్పుకుని, ఊరి జట్లకు శాశ్వత నమోదు సంఖ్య ఇచ్చి, మూడు శ్రేణులుగా విభజించి, యాసంగి నాట్లు ముగిసిన ఫిబ్రవరి నుంచి కోతలు మొదలయ్యే ఏప్రిల్ లోపల, మహాశివరాత్రి జాతర వారాన్ని విడిచి, వారాంతాల్లో ఆటలు జరపవచ్చు. ఈ నిర్మాణానికి కావలసినవన్నీ ఇప్పటికే ఈ జిల్లాల్లో ఉన్నాయి: మండలానికొక బడి మైదానం, ఊరికొక ప్రాంగణం, ఆట తెలిసిన వ్యాయామ ఉపాధ్యాయులు, ఎంట్రీ ఫీజు కట్టి ఒక్క ఆటకే తిరిగి వెళ్ళడానికీ సిద్ధపడే యువకులు.