తిరుపతి ఎండలో ముఖలేపం

ముఖానికి పూత పట్టించి, కొంతసేపు ఉంచి తీసివేసే పనికి నేటి బ్యూటీ పార్లర్లలో ఫేషియల్ అన్న పేరు స్థిరపడింది గాని, ఆయుర్వేదం దానినే ముఖలేపమని పేర్కొని, ఏ ఋతువులో ఏ ద్రవ్యాలు నూరాలో కూడా నిర్ణయించింది. సుమారు 7వ శతాబ్దానికి చెందిన వాగ్భటుని అష్టాంగహృదయంలో హేమంతం మొదలుకొని ఆరు ఋతువులకు ఆరు లేపాలు కనిపిస్తాయి. చలికాలపు లేపంలో రేగుగింజల పప్పు, తెల్ల ఆవాలు ఉంటే, గ్రీష్మ లేపంలో కలువలు, గరిక, అతిమధురం, చందనం ఉన్నాయి. వాగ్భటుడు సింధుదేశీయుడని సంప్రదాయం చెబుతుంది కనుక, చర్మం పగిలే ఉత్తరాది చలి ఆయన ఎరిగినదే కావచ్చు. మదనపల్లె, హార్స్‌లీ కొండల వైపు కొంత చలి ఉన్నా, మే నెలలో 40 డిగ్రీలు దాటే తిరుపతికి ఆ పట్టికలో అక్కరకు వచ్చేది గ్రీష్మ లేపమే.

ఈ సీమ సొంత లేపద్రవ్యం మాత్రం ఎర్రచందనం. శేషాచలంలోనూ, దాని చుట్టుపక్కల తూర్పు కనుమల్లోనూ తప్ప సహజంగా పెరగడం అరుదైన ఈ చెట్టు చేవలో సాంటాలిన్ అనే ఎర్రని రంగుపదార్థం ఉంటుంది గాని, శ్రీగంధపు పరిమళం ఉండదు. సానరాతిపై అరగదీసి మొటిమలకు పట్టించే ఈ చెక్క ఐరోపా వర్తకులకు అద్దకపు రంగైంది. 1995 నుంచి దాని అంతర్జాతీయ వ్యాపారం, అంతరించే ప్రమాదమున్న జీవజాతుల వాణిజ్యాన్ని నియంత్రించే సైట్స్ ఒప్పందపు అదుపులో ఉంది.

అయితే ఇక్కడి లేపన చరిత్రలో అన్నిటికన్నా విలక్షణమైనది ఏటా మే నెలలో జరిగే తాతయ్యగుంట గంగమ్మ జాతర. స్త్రీలను చెరుస్తున్న పాలెగాణ్ణి వెదుకుతూ అమ్మవారు మారువేషాలు వేసిందన్న కథను అనుసరించి, చాటింపు తరువాత భక్తులు వరుసగా బైరాగి వేషానికి నామపు సుద్ద, బండ వేషానికి కుంకుమ, తోటి వేషానికి బొగ్గుపొడి, పాలెగాడు హతమయ్యే దొర వేషానికి చందనం పూసుకుంటారు. ఎండకు చలువ చేయడానికే పూర్వులు ఈ పూతలు ఏర్పరచారన్న వివరణ నేడు తరచుగా వినవస్తుంది. చందనానికి, సుద్దకు అది పొసగవచ్చు గాని, బొగ్గుకు, కుంకుమకు పొసగదు. పైగా లేపం ఉన్నంతసేపు ఎండ, నిప్పు, మాటలు, కోపం కూడవనీ, ఆరిన లేపం చాయను చెరుపుతుంది కనుక తడిపి తీసి, ఆపై నూనె రాయాలనీ వాగ్భటుడు విధించగా, జాతర వేషధారులు పూత ఆరి పెళుసుబారినా మండుటెండలో వీధులు తిరుగుతారు, నోరారా బూతులు తిడతారు. వైద్యుడు వద్దన్నవన్నీ చేస్తారనడం అతిశయోక్తి కాదు. ఈ పూతల లెక్క చర్మానిది కాదు, అమ్మవారి ఉగ్రానిది: మశూచి వంటి పొక్కుల జబ్బులను అమ్మవారు పోసిందని చెప్పుకొన్న జనానికి, వేసవి వేడిమి, ఒంటి మీది పొక్కు, దేవత కోపం వేరువేరు సంగతులు కావు.

జాతర ముగింపులో గుడి ముందు మట్టితో నిలిపే అమ్మవారి విశ్వరూపపు చెంపను తెల్లవారకముందే నరుకుతారు. ముఖం నుంచి రాలిన ఆ మట్టి పెళ్లలు రోగాలు పోగొడతాయన్న నమ్మకంతో, గుమిగూడిన భక్తులు వాటికోసం ఎగబడి, దొరికిన చిటికెడును కొంగుకు ముడివేసుకుని ఇళ్లకు తీసుకుపోతారు.