రంగులకు భాష్యం, గీతకు అన్యాయం: మార్సెయ్ టారో కట్టల ఎంపికపై ఒక పరిశీలన

సంప్రదాయ టారో కట్ట కావాలనేవారికి దశాబ్దాలుగా ఒకటే సలహా అందుతోంది: మార్సెయ్ కట్ట తీసుకోండి, అందులోనూ గ్రిమో సంస్థది తీసుకోండి. ఈ సలహాకు మూలపురుషుడు పాల్ మార్తో. 1930లో ఆ సంస్థ తరఫున ‘పాత మార్సెయ్ టారో’ను వెలువరించిందీ, 1949లో దాని మీదే భాష్యగ్రంథం రాసిందీ ఆయనే. సరుకు తయారుచేసినవాడే దాని ప్రాచీనతకు సాక్ష్యం చెప్పడంలోని ఇబ్బందిని తర్వాతివారు చూసీ చూడనట్టు వదిలేశారు. నా పేచీ అక్కడే.

మార్తో భాష్యంలో రంగులది పెద్దపీట. ఏ ముక్కలో ఎరుపు ఎక్కడుంది, నీలం ఎక్కడుంది అన్నదాన్ని బట్టి ఆయన తాత్పర్యం చెబుతారు. ఆ రంగులు ఎక్కడివి? 18వ శతాబ్దపు మార్సెయ్ కార్ఖానాలో చెక్కదిమ్మెతో అచ్చయ్యేది నల్లగీత ఒక్కటే. రంగు తర్వాతి పని: కోసిన అట్టల మీదుగా, రంగుకో అట్ట చొప్పున, కుంచెతో అద్దేవారు. అట్ట కాస్త జరిగితే చొక్కా ఎరుపు గడ్డం మీదికి ఎక్కేది. అక్కడి ముక్కల తయారీదారు నికొలా కోన్వేర్ పేరూ 1760 అన్న సంవత్సరమూ ఉన్న దిమ్మెలతో వేర్వేరు కాలాల్లో తీసిన ప్రతులను పక్కపక్కన పెట్టి చూడండి. గీత ఒకటే, రంగులు మాత్రం ప్రతికో తీరు. గ్రిమో కట్టలోని ముదురు నీలం, ఎరుపు, పసుపు యంత్రముద్రణ నాటి రంగులు. తన ఫ్యాక్టరీ రంగుడబ్బాల్లో మార్తో ప్రాచీన రహస్యం చదివారన్నమాట. కొన్ని రంగులు, ముఖ్యంగా ఒంటి రంగు, పాత కట్టల్లోనూ ఇంచుమించు ఒకేచోట ఉంటాయన్నది నిజమే.

నా ఎంపిక జాఁ నోబ్లే కట్ట. 1650 ప్రాంతంలో పారిస్‌లో అచ్చయింది, ఇప్పుడు ఫ్రాన్సు జాతీయ గ్రంథాలయంలో ఉంది. 78 ముక్కల్లో మిగిలినవి 73. కత్తుల్లో 6 నుంచి 10 దాకా లేవు. గీత మోటు. కానీ ఆ మోటుగీతకు జంకు లేదు. వెర్రివాడి ముక్కలో మర్మాంగం బయటపడి ఉంటుంది, జంతువొకటి అటే పంజా చాస్తుంది. కోన్వేర్ దగ్గరికి వచ్చేసరికి అదే మనిషికి మర్యాదగా బట్ట కప్పారు. పదమూడో తురుపు మీద నోబ్లే ‘మృత్యువు’ అని పేరు చెక్కాడు. కోన్వేర్ ఆ పేరు లేకుండా వదిలేశాడు. ఆ లేని పేరు మీద భాష్యకారులు ఎన్ని పేజీలు నింపారో! ఉచ్చరించరాని ముక్క అన్నారు, దీక్షారహస్యం అన్నారు. కోన్వేర్‌కు నూరేళ్ల ముందే ఒకడు దాని పేరు అచ్చువేసి అమ్మాడన్నది వారికి పట్టలేదు.

విస్కోంతి-స్ఫోర్జా కట్టను ఎంచుకునేవారూ ఉన్నారు. 15వ శతాబ్దం నడిమి నాటి మిలాన్ ప్రభువుల బంగారు పూత చూసి మోజుపడతారు. అందులో సైతాను, బురుజు, కత్తుల మూడు, నాణేల రౌతు లేనే లేవు; ఆరు తురుపులు మరో చేతి పని. అంగడిలో దొరికే నిండు కట్టలో సైతాను మొహం మన కాలపు చిత్రకారుడు గీసిందే. నోబ్లే కట్టను పునర్నిర్మించిన జాఁ-క్లోద్ ఫ్లోర్న్వా కూడా లేని 5 కత్తులను తానే సమకూర్చారు కానీ, అవి అంకెల ముక్కలు కనుక ఆ లోపాన్ని పట్టించుకోనక్కర్లేదు.

టారో ప్రధానంగా ఆట అనీ, జోస్యం 18వ శతాబ్దంలో గానీ బలపడలేదనీ టారో చరిత్రకారుడు మైకేల్ డమ్మెట్ 1980లోనే సవిస్తరంగా చూపారు. అయినా 1997లో ఫిలిప్ కామ్వాఁ, అలెహాంద్రో జొడొరోవ్‌స్కీ చేసిన మార్సెయ్ కట్ట ‘పునరుద్ధరణ’ మార్తో బాటే పట్టింది: ఎక్కడో ఒక అసలు కట్ట ఉందనీ, దాన్ని కూడగట్టవచ్చనీ. లియోన్‌లో 18వ శతాబ్దం తొలి ఏళ్లలో జాఁ దొదాల్ వేసిన కట్టను చూసినా చాలు, ఈ నమ్మకం నిలవదు. అందులో కొన్ని ముక్కల మీద ఎగుమతి సరుకన్న గుర్తు ఉంది. పరదేశానికి బేరం కుదుర్చుకున్న వ్యాపారి దిమ్మెల్లో గుప్తవిద్యను ఎవరు దాచారు, ఎవరి కోసం?

నోబ్లే వెర్రివాడినీ పేరున్న మృత్యువునూ కలిపి చూస్తే, ఫ్రెంచి టారో మొత్తం పుట్టింది సంతల్లోని మోటు హాస్యం నుంచేనని నా ప్రతిపాదన. కోన్వేర్‌ను ప్రమాణంగా పెట్టుకుని 20వ శతాబ్దంలో వెలువడిన మార్సెయ్ భాష్యాలన్నిటినీ ఈ దృష్టితో మళ్లీ మొదటి నుంచి రాయాలి.