అశోకుని అచ్చులో ఒదగని వీరుడు

వీరుల చరిత్ర రాయడానికి మన దగ్గర ఒక పాత అచ్చు ఉంది. వాల్మీకికి ముందు బోయవాడు, ధర్మాశోకుడికి ముందు చండాశోకుడు. రక్తం, పశ్చాత్తాపం, సేవ: ఈ వరుస తప్పితే మనకు కథ రుచించదు. బ్రిటిష్ బాంబర్ విమానాలు నడిపిన లెనార్డ్ చెషైర్ (1917-1992) జీవితాన్ని నేను కూడా చాలా ఏళ్లు తరగతిలో ఈ అచ్చులోనే పోసి చెప్పాను. నాగసాకిని చూశాడు, మనసు మారింది, రోగుల సేవకు అంకితమయ్యాడు అని. ఊతకర్రలతో బడికి వచ్చే ఒక కుర్రవాడు, "ఆ ఇంట్లో ఉన్నవాళ్లు ఏమనుకునేవాళ్లండీ మాస్టారూ?" అని అడిగేదాకా నాకు అనుమానమే రాలేదు. ఆ రోజు ఏదో చెప్పి గంట కొట్టేదాకా గడిపేశాను. తర్వాత చదవడం మొదలుపెట్టాను.

చదివితే మొదట విరిగింది ఆ అచ్చే.

చెషైర్ న్యాయశాస్త్ర ఆచార్యుడి కొడుకు. ఆక్స్‌ఫర్డ్‌లో తానూ ఆ శాస్త్రమే చదివాడు. 1944లో అతనికి విక్టోరియా క్రాస్ ఇచ్చారు. సాధారణంగా ఆ పతకం ఏదో ఒక సాహసకృత్యానికి ఇస్తారు. ఇతనికి మాత్రం నాలుగేళ్లపాటు, వంద దాడులలో, ఎడతెగకుండా చూపిన ధైర్యానికి ఇచ్చారు. అదే ఏడాది ఫిబ్రవరిలో ఫ్రాన్సులోని లిమోజ్ పట్టణంలో జర్మన్ల అధీనంలో ఉన్న విమాన ఇంజన్ల కర్మాగారం మీద దాడికి వెళ్లినప్పుడు, లోపల పనిచేస్తున్న ఫ్రెంచి స్త్రీలు పారిపోయేందుకు హెచ్చరికగా పైకప్పుల మీదుగా పదేపదే తక్కువ ఎత్తున ఎగిరాడు. ఆ తర్వాతే దాడి. కనుక యుద్ధంలో రాక్షసుడు, శాంతిలో దేవుడు అనే విభజన ఇక్కడ నిలవదు.

1945 ఆగస్టు 9న బ్రిటన్ తరఫు పరిశీలకుడిగా అతను నాగసాకి దాడికి వెళ్లిన మాట నిజమే. అయితే అతను ఎక్కిన విమానం మిగతావాటిని కలుసుకోలేక వెనకబడింది. ఆ మేఘాన్ని దూరం నుంచే చూశాడు. అంతకంటే ముఖ్యం: ఆ బాంబు యుద్ధాన్ని త్వరగా ముగించి ప్రాణాలు కాపాడిందనే అతను తుదివరకూ వాదించాడు. మనం ఆశించే పశ్చాత్తాపం అతనిలో లేదు. ఈ వాదాన్ని నేను ఒప్పుకోను. కానీ అతను పడని పశ్చాత్తాపాన్ని మనం అతని నెత్తిన రుద్దడం చరిత్ర రాయడం కాదు.

సేవ మొదలైన తీరు మరీ సాదాగా ఉంటుంది. మాజీ సైనికుల కోసం పెట్టిన సమష్టి నివాసం అప్పుల్లో కూలిపోయింది. హాంప్‌షైర్‌లో లె కోర్ట్ అనే పెద్ద భవనం ఒక్కటి మిగిలింది. 1948లో, అక్కడ లోగడ ఉండి వెళ్లిన ఆర్థర్ డైక్స్ అనే మాజీ సైనికుడికి క్యాన్సర్ ముదిరింది. ఆసుపత్రి చేయగలిగింది లేదు, పోవడానికి చోటు లేదు. చెషైర్ అతన్ని ఇంటికి తెచ్చి, తానే పక్క మార్చి, ఒళ్లు తుడిచి, ఆగస్టులో అతను పోయేదాకా కనిపెట్టుకున్నాడు. ఇంకొకరు వచ్చారు, మరొకరు వచ్చారు. ఆ జూలైలోనే బ్రిటన్ జాతీయ ఆరోగ్య సేవను ప్రారంభించిందన్న సంగతి మనం మరచిపోకూడదు. నయమయ్యే రోగికి రాజ్యం తలుపు తెరిచిన వేసవిలోనే, నయం కానివాడికి ఒక వ్యక్తి దయ తప్ప దిక్కులేకపోయింది. చెషైర్ గృహాలు పెరిగింది ఆ ఖాళీలోనే. 1950ల నడుమ బొంబాయికి వచ్చాయి. తర్వాత డెహ్రాడూన్‌లో కుష్ఠురోగుల కోసం, పిల్లల కోసం రాఫెల్ కేంద్రం వెలిసింది. తనలాగే సేవారంగంలో ఉన్న స్యూ రైడర్‌ను అతను 1959లో పెళ్లాడింది బొంబాయిలోనే.

ఇక ఆ కుర్రవాడి ప్రశ్న. జవాబు లె కోర్ట్‌లోనే ఉంది. కండరాల క్షీణతతో యువకుడిగా అక్కడ చేరిన పాల్ హంట్, తోటివారితో కలిసి యాజమాన్యంతో పోరాడాడు. ఎప్పుడు పడుకోవాలి, ఎప్పుడు బయటికి వెళ్లాలి అనేది ఎవరు నిర్ణయించాలి? పాలకవర్గంలో మాకు చోటెందుకు లేదు? ఇవీ వాళ్ల ప్రశ్నలు. 1966లో వికలాంగులే రాసిన వ్యాసాలను 'స్టిగ్మా' పేరుతో సంకలనం చేశాడు. 1972లో పత్రికకు ఒక లేఖ రాసి, తనలాంటి వాళ్లను కూడగట్టాడు. ఆ సంఘం 1976లో తేల్చి చెప్పిన మాట ఇది: మనిషిని వికలాంగుడిగా చేసేది అతని శరీరం కాదు, సమాజం. దయాగృహంలో పుట్టిన ఈ సిద్ధాంతం దయనే ప్రశ్నించింది.

హంట్ లేకుండా చెషైర్ చరిత్ర సగమే. మన కథకులు ఈ సగంతోనే తృప్తి పడుతున్నారు. మన కథల్లో వికలాంగ పాత్ర తరచుగా నాయకుడి మంచితనానికి అద్దం పట్టి తప్పుకుంటుంది. దానికి కోపం రాదు, సొంత అభిప్రాయం ఉండదు. ఈ తప్పు అభ్యుదయ రచయితలమైన మనదీ.

చెషైర్ చివరి రోజుల్లో మోటార్ న్యూరాన్ జబ్బు పాలై, చక్రాల కుర్చీకి పరిమితమై, 1992 జూలై 31న మరణించాడు. హంట్ అంతకు ముందే, 1979లో పోయాడు.

నేను ఇదంతా చదివేసరికి ఆ కుర్రవాడు పదో తరగతి ముగించి వెళ్లిపోయాడు.